బడికి పాఠం చెప్పాల్సింది మనమే

(దివిసీమ, బందరు, గుడివాడ ప్రాంతాల యానాది, ఎరుకల యువత కూర్చున్న సభలో మాట్లాడిన మాటలు, రాతలో)



నాగాయలంక నుంచి, కోడూరు నుంచి, బందరు నుంచి, గుడివాడ నుంచి పనులు మానుకుని వచ్చారు. ఒక పూట వేట మానుకుంటే ఇంట్లో పొయ్యి మీద ఏం తగ్గుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. అందుకని సూటిగా విషయంలోకి వస్తాను.

ఇవాళ మాట్లాడేది ప్రాథమిక పాఠశాల గురించి. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా. మన సభల్లో ఇళ్ల స్థలాలు, ఆధార్, వెట్టి, చెరువుల కాపలా కూలి, ఇవన్నీ వస్తాయి. బడి సంగతి వచ్చేసరికి మాత్రం ఎవరో ఒక పెద్దమనిషి లేచి "మీ పిల్లల్ని బడికి పంపండమ్మా" అని మనకే నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాడు. చప్పట్లు కొడతాం, ఇంటికి పోతాం. ఇవాళ ఆ ప్రశ్నని తిప్పి అడుగుదాం. మన పిల్లలు బడిలో ఏం నేర్చుకున్నారని అందరూ అడుగుతున్నారు. బడి మన పిల్లల గురించి ఏం నేర్చుకుంది? అది ఎవరైనా అడిగారా?

ముందు ఈ మధ్య ఏమేం జరిగాయో చూద్దాం

2022 జూన్ 10న జీవో 117 వచ్చింది. ఊళ్లో ఉన్న ప్రాథమిక బడి నుంచి 3, 4, 5 తరగతుల్ని తీసి, కిలోమీటరు లోపున్న హైస్కూల్లో కలిపారు. చాలా చోట్ల ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. కిలోమీటరంటే కాగితం మీద చిన్నమాటే. కానీ ఆ కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి? బడి నుంచి బడికి. మన కాలనీ నుంచి కాదు. డెల్టాలో మనం ఎక్కడుంటాం? కాలవ గట్టు మీద, డొంక చివర, కరకట్ట కింద, చేపల చెరువుల మధ్య. ఊరి బడికి రావడమే ఒక నడక. అక్కడి నుంచి హైస్కూలు ఇంకో నడక. ఎనిమిదేళ్ల పిల్ల పంట కాలవ దాటి, లారీలు తిరిగే రోడ్డు దాటి పోవాలి. పొద్దున్నే చీకటితో తల్లి పీతలకో, కూలికో వెళ్లిపోయే ఇంట్లో ఆ పిల్లని చెయ్యి పట్టుకుని నడిపించేదెవరు?

2025 మే నెలలో ఆ పద్ధతి తీసేశారు. బడుల్ని మళ్లీ కొత్త రకాలుగా విడగొట్టారు. ఫౌండేషనల్ స్కూలు, బేసిక్ ప్రైమరీ స్కూలు, మోడల్ ప్రైమరీ స్కూలు ఇలా. మోడల్ ప్రైమరీలో తరగతికో టీచరు ఉండాలన్నారు. ఇది మంచి మాటే, కాదనను. అయితే మోడల్ బడి ఎక్కడొస్తుంది? పిల్లలు ఎక్కువున్న చోట. మన పిల్లలు ఎక్కువగా చదివేది ఎక్కడ? ఊరి చివర, పాతిక ముప్పై మంది ఉండే చిన్న బడిలో. అక్కడ ఒకరో ఇద్దరో టీచర్లు అయిదు తరగతులూ లాగాలి. అంటే తరగతికో టీచరు అన్న వరం, దాని అవసరం ఎక్కువున్న పిల్లల దాకా రాకుండానే ఆగిపోయే ప్రమాదం ఉంది. మీ కాలనీకి దగ్గరున్న బడి ఇప్పుడు ఏ రకం కింద ఉందో మీలో ఎంతమందికి తెలుసు? ఇవాళ ఇంటికెళ్లాక మొదట కనుక్కోవాల్సింది అదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. 2025 సెప్టెంబరు 25న వెలగపూడిలో నియామక పత్రాలు పంచారు. కొత్త టీచర్లు బడుల్లోకి వచ్చారు. వీళ్లలో మీ వయసు వాళ్లూ ఉన్నారు. మరో ముప్పై ఏళ్లు మన పిల్లలకు అక్షరాలు దిద్దించేది వీళ్లు. వీళ్లు మన గురించి మొదటి రెండేళ్లలో ఏమనుకుంటారో, చాలాసార్లు అదే చివరి దాకా ఉండిపోతుంది. అందుకే ఈ మాట ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం.

టీచర్లకీ ఒక చదువుంది

పిల్లలకి బడి ఉన్నట్టే టీచర్లకీ ఒక బడి ఉంది. మన కృష్ణా జిల్లాకి అది గుడివాడ దగ్గర అంగలూరులో ఉన్న డైట్, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థ. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత దేశమంతా జిల్లాకొకటి అన్న లెక్కన పెట్టిన సంస్థలివి. టీచరు కావాలనుకున్నవాళ్లు అక్కడ చదువుతారు, ఉద్యోగంలో ఉన్నవాళ్లకి శిక్షణలు జరుగుతాయి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు తన వృత్తి గురించి నేర్చుకోవాలంది. దాంతోపాటు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. చుట్టుపక్కల బడుల టీచర్లంతా ఒకచోట కూర్చుని పాఠాల గురించి మాట్లాడుకోవడానికి పెట్టినవి.

ఆ శిక్షణల్లో ఏం చెప్తారు? 2021 జూలైలో నిపుణ్ భారత్ అని కేంద్రం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మూడో తరగతి అయ్యేలోపు ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చెయ్యాలి అన్నది దాని గురి. దాని చుట్టూ శిక్షణలు నడుస్తున్నాయి. అక్షరం ఎలా పరిచయం చెయ్యాలి, పిల్లల స్థాయిని ఎలా కొలవాలి, దీక్షా యాప్‌లో కోర్సు ఎలా పూర్తి చెయ్యాలి, హాజరు ఫోన్‌లో ఎలా వెయ్యాలి. ఇవన్నీ అవసరమే. కానీ ఒకటి గమనించండి. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఆ శిక్షణ ఒకే అచ్చులో ఉంటుంది. నాగాయలంక కాంప్లెక్స్‌లో కూర్చున్న టీచరుకి, తన తరగతిలో ఉన్న యానాది పిల్ల ఇంటి గురించి చెప్పే పేజీ అందులో ఉండదు. అది రాజధానిలో కూర్చుని రాసేది కాదు కూడా. అది తెలిసిన వాళ్లు ఈ సభలో కూర్చుని ఉన్నారు.

ఒక పిల్లని అనుకుందాం

పేరు పెట్టను. ఏడేళ్లు. రెండో తరగతి. ఇల్లు కరకట్ట పక్కన. నాయన పీతల వేట, అమ్మ కూలి. బడికి నాలుగు రోజులొస్తే రెండు రోజులు రాదు. రిజిస్టర్‌లో ఆ రెండు రోజులూ గైర్హాజరు. టీచరు మనసులో "వీళ్లింతే" అన్న మాట. అక్కడితో ఆ పిల్ల చదువు సగం ముగిసినట్టే.

ఆ టీచరుకి నాలుగు సంగతులు తెలిసి ఉంటే కథ ఎలా మారుతుందో చూడండి.

మొదటిది కాలం. మన ఇంటి కాలం గోడ మీది క్యాలెండర్ ప్రకారం నడవదు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అన్నదాన్ని బట్టి వేట. అమావాస్యకీ పున్నానికీ పని మారిపోతుంది. వరి కోతలప్పుడు ఎలుకలు పట్టడానికి ఇంటిల్లిపాదీ చేలల్లో ఉంటారు. కోతలయ్యాక కొందరు బాతుల వెంట పోతారు, కొందరు గుడివాడ, కైకలూరు వైపు చేపల చెరువుల కాపలాకి కుటుంబంతో సహా పోతారు. చెరువు గట్టు మీద పాకలోనే నెలల తరబడి ఉంటారు. ఈ సంగతి తెలిసిన టీచరు "ఎందుకు రాలేదు" అని తిట్టదు, "ఎప్పుడు పోతున్నారు, ఎప్పుడొస్తారు, అక్కడ దగ్గర్లో ఏ బడి ఉంది" అని ముందే అడుగుతుంది. విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం పిల్ల వేరే బడికి మారాలంటే ప్రధానోపాధ్యాయులు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. 15వ సెక్షన్ ప్రకారం ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. చదువు తప్పిన పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడినదాన్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెప్తుంది. పదేళ్ల పిల్లాడిని తీసుకెళ్లి ఒకటో తరగతిలో కూర్చోబెడితే వాడు సిగ్గుతో చచ్చిపోతాడు, మూడో రోజు రాడు.

రెండోది మాట. ఎరుకల ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా ఎరుకల భాష మాట్లాడుకునే చోట్లున్నాయి. యానాదులం తెలుగే మాట్లాడతాం గానీ మన పలుకు వేరు, యాస వేరు. పిల్ల నోరు తెరవగానే తరగతి నవ్వితే, ఇక ఆ నోరు తెరుచుకోదు. మౌనంగా ఉన్న పిల్లని చూసి "దీనికేం రాదు" అని టీచరు రాసేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు ఎనిమిది భాషలు తీసుకున్నారు. సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, లంబాడీ. మంచి పని. అందులో ఎరుకల భాష లేదు. మైదానంలో ఉన్న మనం ఏజెన్సీ లెక్కల్లోకి రాం, ఊరి లెక్కల్లోకీ రాం.

ఇక్కడ ఒక పంతులుగారిని గుర్తు చేసుకోవాలి. ఆగస్టు 29న ప్రతి బడిలోనూ తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేస్తారు. వాడుక భాష కోసం పోరాడారని చెప్తారు. అంతవరకే చెప్తారు. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర భాషలో పాఠ పుస్తకాలు రాశారు, సవర పిల్లల కోసం బళ్లు పెట్టించారు. 1931లో ఆ భాష మీద ఆయన రాసిన పుస్తకం అచ్చయింది. ఏ ప్రభుత్వ శిక్షణా లేని రోజుల్లో, యాప్ లేని రోజుల్లో, ఒక టీచరు ఆదివాసీల దగ్గర విద్యార్థిగా కూర్చున్నాడు. టీచరు నేర్చుకోవడమంటే నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ అదే. ఈసారి ఆగస్టు 29న మీ ఊరి బడికి వెళ్లి ఈ సంగతి చెప్పండి. దండ పక్కన ఈ మాట కూడా ఉండాలి.

మూడోది ముద్ర. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వాళ్లని పుట్టుకతోనే దొంగలన్నారు, సెటిల్మెంట్లలో పెట్టారు. కృష్ణ దాటితే బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది, అది అలా పుట్టిన ఊరే. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గానీ మాట పోయిందా? తరగతిలో పెన్ను పోతే మొదట ఎవరి సంచి వెతుకుతారో మీకు తెలుసు. ఆ ఒక్క వెతుకులాటతో పిల్ల బడి మానేసిన ఇళ్లు ఉంటాయి. ఈ చరిత్ర టీచరుకి ఏ శిక్షణలోనూ చెప్పరు. చెప్తే, చాలామంది టీచర్లు ఆ సంచి ముట్టుకోవడానికి ఒక క్షణం ఆగుతారు. 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించి హింసించడాన్ని కూడా నిషేధించింది.

నాలుగోది మన పిల్లకి వచ్చింది. ఆ ఏడేళ్ల పిల్లకి ఏ తిథికి పీత కండ పట్టి ఉంటుందో తెలుసు. మడ చెట్ల మధ్య బురదలో ఎక్కడ అడుగేస్తే దిగబడదో తెలుసు. ఎలుక కలుగుకి ఎన్ని దారులుంటాయో, ఏ దారి మూసి ఏ దారిన పొగ పెట్టాలో తెలుసు. ఏ పీత ఎంతకి పోతుందో నోటితో లెక్క చెప్తుంది. బడిలో మాత్రం రేపు "పరిసరాల విజ్ఞానం" పాఠంలో సున్నా. పరిసరాల్లో పుట్టి పెరిగిన పిల్లకి పరిసరాల పాఠంలో సున్నా వస్తే, తప్పు పిల్లదా, పాఠం చెప్పిన తీరుదా? నాలుగు పీతలు కిలో తూగితే పన్నెండు పీతలు ఎన్ని కిలోలు అని అడిగితే చాలు. ఆ పిల్ల మొదటిసారి చెయ్యెత్తుతుంది.

టీచర్లని శత్రువుల్లా చూడకండి

ఇదంతా విని టీచర్ల మీద కోపం తెచ్చుకుంటే మనకే నష్టం. ఏటిమొగ దగ్గర పంటు ఎక్కి ఎదురుమొండి దీవుల్లోకి పోయి పాఠం చెప్పే టీచర్లున్నారు. పంటు దొరక్కపోతే ఆ పూట పోయినట్టే. ఒక్కరే ఉన్న బడిలో మధ్యాహ్న భోజనం చూడాలి, కోడిగుడ్ల లెక్క రాయాలి, ఫొటోలు ఎక్కించాలి, ఆన్‌లైన్‌లో పిల్లల వివరాలు సరిచెయ్యాలి, మధ్యలో అయిదు తరగతులు. వాళ్లకి మన కాలనీకొచ్చే తీరిక ఉండదు.

పైగా ఇది తుపాన్ల నేల. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి దివిసీమలో ప్రతి ఇంటికీ తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలినప్పుడు లంకలు మునిగాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చింది. ప్రతిసారీ బడికి సెలవు, మన వాళ్లకి బడే పునరావాసం. ఆ రాత్రుల్లో టీచర్లూ మనమూ ఒకే వరండాలో కూర్చుంటాం. ఆ వరండా పరిచయాన్ని మామూలు రోజుల్లోకి తెచ్చుకోవాలి, అంతే.

మరి మన వాళ్లే టీచర్లయితే? అదీ కావాలి. డీఎస్సీలో ఎస్టీలకి 6 శాతం ఉంది. ఏజెన్సీలో టీచరు పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది మైదానంలో ఉన్న మనకి ఎప్పుడూ వర్తించలేదు కూడా. 1843లోనే నోబుల్ స్కూలు పెట్టిన ఊరు బందరు, 1910లో జాతీయ కళాశాల పెట్టిన ఊరు. చదువుకి అంత పేరున్న నేల మీద, ఇవాళ్టికీ మన కాలనీల్లో బడి గడప మొదటిసారి తొక్కే పిల్లలున్నారు. కాబట్టి మన వాళ్లు టీచర్లయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. ఇప్పుడున్న టీచర్లకి మనమే చెప్పుకోవాలి.

రేపటి నుంచి చెయ్యగలిగినవి

ఒకటి. పాఠశాల యాజమాన్య కమిటీలో మన తల్లి ఒకామె ఉండాలి. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ల సంఖ్యకి తగ్గ చోటు ఇవ్వాలి. 2024 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. మీ బడి కమిటీలో ఎవరున్నారో, మన వాళ్ల పేరు ఉంటే ఆమెకి ఆ సంగతి తెలుసో లేదో కనుక్కోండి. సంతకం కోసమే పిలిస్తే, ఆమె పక్కన మీరు కూర్చుని చదివి చెప్పండి.

రెండు. కాలనీ క్యాలెండర్ రాయండి. ఒక తెల్ల కాగితం, పన్నెండు నెలలు. ఏ నెలలో ఏ పని, ఎవరు ఊళ్లో ఉంటారు, ఎవరు బయటికి పోతారు, ఏ పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది. దాన్ని బడిలో ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

మూడు. మాటల పుస్తకం. ఇంట్లో వాడే మాటలు, వేటలో వాడే మాటలు, చెట్ల పేర్లు, చేపల పేర్లు ఒక యాభై రాసి టీచరు చేతిలో పెట్టండి. ఎరుకల ఇళ్లలో ముసలివాళ్లని కూర్చోబెట్టి వాళ్ల మాటలు ఇప్పుడే రాసుకోండి. రేపటికి ఆలస్యమైపోతుంది.

నాలుగు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక్క అరగంట అడగండి. మండల విద్యాశాఖాధికారికి అర్జీ ఇవ్వండి. అంగలూరు డైట్‌కి కూడా ఒక అర్జీ పంపండి. కాబోయే టీచర్లు మన కాలనీలో ఒక రోజు గడిపేలా చూడమనండి. డబ్బులు అడగడం లేదు, భవనం అడగడం లేదు. అరగంట అడుగుతున్నాం.

అయిదు. కాగితాలు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని బడిలో చేర్చుకోకపోవడం 14వ సెక్షన్ ప్రకారం కుదరదు. కానీ ఆధార్, బ్యాంకు ఖాతా లేకపోతే తల్లికి వందనం డబ్బు ఆ తల్లి చేతికి రాదు. 2025 జూన్‌లో 13 వేలు చొప్పున ఖాతాల్లో పడినప్పుడు ఏ ఇంట్లో పడలేదో మీ కాలనీలో జాబితా రాయండి. ఒక్కో పేరు పక్కన ఏ కాగితం లేదో రాయండి. ఆ జాబితా పట్టుకుని టీచరుతో కలిసి సచివాలయానికి వెళ్లండి. టీచరు మన పని మీద ఒకసారి మనతో నడిస్తే, తర్వాత తరగతిలో ఆ పిల్లని చూసే చూపు వేరేగా ఉంటుంది.

ఒక్క మాటతో ముగిస్తాను. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అని 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతా జరిపారు. మళ్లీ జరిగినప్పుడు మన వాళ్లు చివరి వరసలో నిలబడి, భోజనం చేసి వచ్చేయకూడదు. ముందు వరసలో కూర్చుని, చేతిలో ఆ క్యాలెండర్, ఆ మాటల పుస్తకం పట్టుకుని "సారూ, మా పిల్లల గురించి మీకు కొంచెం చెప్పాలని వచ్చాం" అనాలి. మర్యాదగా అనాలి, గట్టిగా అనాలి.

వచ్చే సభకి ప్రతి కాలనీ నుంచీ ఒక క్యాలెండర్ రావాలి. తెచ్చినవాళ్లే ముందు మాట్లాడతారు.

జోహార్.